జాడీలో నూనె చుక్కలు

మా ఊరు ఎవరికీ తెలియదని వాడు కెమెరాకి చెప్పాడు. మా సందు మొదట్లో నిలబడి, నా గోడకి వీపు ఆనించి మరీ చెప్పాడు. ఈ జిగోంగ్‌లో పుట్టి, ఇక్కడి బావుల ఉప్పు వండి, ఇక్కడే చచ్చినవాళ్లు వాడి లెక్కలో ఎవరూ కాదన్నమాట.

వాడి పేరు యెస్పర్. దూలమంత పొడుగు. ఎండకి కమిలిపోయిన ముక్కు. వీపు మీద ఒక సంచీ, ఆ సంచీకి వేలాడుతూ ఇంకో సంచీ. మా చైనాలో పెద్ద ఊళ్లన్నీ చూసి విసుగెత్తాడట. ఎవరూ పోని ఊరికి పోవడం, అక్కడ ఎవరూ లేకపోవడం ఎంత బావుందో ఇంటర్నెట్లో చెప్పి అందరూ వచ్చేలా చేయడం, ఇదీ వాడి వృత్తి. దానికి తిండి దొరుకుతుందంటే వాళ్ల దేశంలో పని ఎంత తక్కువో అర్థం చేసుకోవచ్చు.

వాడిని మా సందులోకి తెచ్చింది లెంగ్. ఆవిడ మా వార్డు నివాసుల కమిటీకి అధ్యక్షురాలు. మెడలో చిన్న మైకు లేకుండా ఆవిడని నేను చూడలేదు. వాడి మాటలు వాడి ఫోన్ మా భాషలోకి మార్చి చెప్పేది. ముందు రాకాసిబల్లుల ఎముకలు చూపిస్తానంది. వద్దన్నాడు. లాంతర్ల పార్కు అంది. వద్దన్నాడు. కొత్త వంతెన అంది. మామూలు బతుకు చూపించమన్నాడు. వార్డు మొత్తంలో మా అంత మామూలుగా బతికేవాళ్లు ఆవిడకి కనబడలేదు.

మాది పాత ఉప్పు కార్ఖానా వాళ్ల క్వార్టర్ల సందు. కార్ఖానా మూతబడింది, మేం మిగిలాం. గోడలు రాలుతున్నాయి. వాడు ఆ రాలే ఇటుకలకి ఫోటోలు తీశాడు. తీగ మీద ఆరేసిన లోబట్టలకి తీశాడు. టీ దుకాణం ముందు వెదురు కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఒక ముసలాయనకి తీశాడు. ఆయన ఉలిక్కిపడి లేచి, చొక్కా గుండీలు పెట్టుకుని, జుట్టు తడి చేసుకుని, ఇప్పుడు తియ్యమన్నాడు. వాడు తియ్యలేదు.

తర్వాత టీ దుకాణంలోకి వచ్చి, మా భాషలో "బాగున్నారా" అన్నాడు.

"అబ్బబ్బ! ఏం మాట్లాడుతున్నాడండీ మన భాష!" అంది లెంగ్. దుకాణమంతా అబ్బబ్బ అంది. పుట్టిన దగ్గర్నుంచీ నేను అదే భాష మాట్లాడుతున్నాను. ఒక్కరూ ఎప్పుడూ అబ్బబ్బ అనలేదు.

నా ఎదురుగా పేకముక్కలు పట్టుకుని యెన్ కూర్చున్నాడు. కార్ఖానాలో నాతో పాటు ఉప్పు పెనాల దగ్గర పని చేసినవాడు. వాడికి ఎవరినైనా పలకరించకపోతే అన్నం అరగదు.

"ఏ దేశం బాబూ మీది?"

డెన్మార్క్ అన్నాడు.

"ఓహో! నీలం బిస్కెట్ల డబ్బా దేశం! మా ఇంట్లో ఉందయ్యా ఆ డబ్బా. మా ఆవిడ సూదీ దారం పెట్టుకుంటుంది."

"అందరి ఆవిడలూ అదే పెట్టుకుంటారు," అన్నాను. "బిస్కెట్లు మనకమ్మి, ఆ డబ్బులతో మన ఇటుకలు చూడ్డానికొచ్చాడు."

"నువ్వూరుకో మౌ అన్నా. అతిథి."

అతిథి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా సందుని ముంచింది ఈ మాటే.

మూల బల్ల దగ్గర తాన్ పుచ్చగింజలు కొరుకుతోంది. ఆమె మా పై అంతస్తు. మొగుడు పోయి చాలా కాలం. నేను ఆమెతో మాట్లాడి మూడేళ్లు. ఎందుకో చెప్పాలంటే జాడీ గురించి చెప్పాలి.

నా భార్య ఛొంగ్‌హ్వా పక్కనున్న ఫూషున్ పల్లెపిల్ల. పెళ్లయి వచ్చేటప్పుడు ఒక సారా సీసా నిండా వాళ్లమ్మ ఊరగాయ జాడీలోని ఊట, అంటే పులిసిన ఉప్పునీళ్లు, పట్టుకొచ్చింది. వాళ్లమ్మకి వాళ్లమ్మ ఇచ్చిన ఊట. ఇక్కడ మా బావి ఉప్పుతో దాన్ని పెద్ద చేసింది. ముల్లంగి వేస్తాం, తింటాం. మిరపకాయలు వేస్తాం, తింటాం. ముక్కలు పోతాయి, ఊట ఉంటుంది. జాడీ అంచు చుట్టూ కాలవలో నీళ్లు పోసి మూత బోర్లిస్తాం. లోపలి గాలి బుడగలై బయటికొస్తుంది, బయటి గాలి లోపలికి పోదు. కాలవ ఎండకూడదు. లోపల పచ్చినీటి చుక్క పడకూడదు. నూనె అసలే తగలకూడదు. ఛొంగ్‌హ్వా దానికని, మేం అన్నం తినే పుల్లలు కాక, వేరే పొడుగు పుల్లలు ఉంచి, మేకుకి తగిలించింది. వాటితో ఎవరైనా అన్నం తినబోతే చేతి మీద కొట్టేది.

నన్ను జాడీ దగ్గరికి రానిచ్చేది కాదు. కొందరి చెయ్యి పడితే ఊట బతుకుతుంది, కొందరి చెయ్యి పడితే చస్తుంది. మా వైపు పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. నా చెయ్యి చంపేదని ఆమె నమ్మకం. "నువ్వు పెనం దగ్గర మొనగాడివే గానీ, నా జాడీకి మాత్రం యముడివి. అవతలికి పో," అనేది.

ఆమె పోయిన రోజున శవం ఇంకా ఇల్లు దాటలేదు. తాన్ వంటింట్లోకి పోయి జాడీ వైపు చూసి, వచ్చి నాతో అంది: "మౌ అన్నా, జాడీ నాకిచ్చెయ్. నీ చేతికి నెల తిరక్కుండా చస్తుంది."

అప్పటికే తాన్ ఇంట్లో ఉన్నది మా ఊటే. ఆమె కొత్తకోడలిగా ఈ సందుకి వచ్చిన ఏడు ఛొంగ్‌హ్వా ఒక గిన్నె పోసిచ్చింది. అది చాలక ఇదీ కావాల్సొచ్చింది. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాను. పొద్దున్నే లేచి కాలవలో నీళ్లు మార్చాను. చెయ్యి సారాతో కడుక్కుని ముల్లంగి వేశాను. జాడీ చావలేదు. మూడేళ్లుగా నా వంటింట్లో గుడగుడమంటోంది. ఆ చప్పుడు పైకి వినబడుతుందో లేదో తెలియదు. వినబడాలని మూత కొంచెం గట్టిగానే వేసేవాణ్ని.

ఇక ఆ తెల్లోడి సంగతి.

నా అన్నం డబ్బాలో ముల్లంగి ముక్కలు చూసి ఇదేమిటని అడిగాడు. పెట్టాను. నమిలాడు. కళ్లు మూసుకున్నాడు. "ఇలాంటిది నేను పుట్టాక తినలేదు," అన్నాడు. వాడు ప్రతి ఊళ్లోనూ ప్రతిదాన్నీ అలాగే అంటాడని తర్వాత వాడి వీడియోలు చూస్తే తెలిసింది. "ఎవరు చేశారు?"

"నేనే," అన్నాను. అవసరమైన దానికన్నా గట్టిగా అన్నాను. మూల బల్ల దగ్గర పుచ్చగింజలు కొరికే చప్పుడు ఆగింది.

దానికోసమే ఒప్పుకున్నాను. వాడు నా వంటిల్లు చూస్తానన్నాడు. లెంగ్ వెంటనే మైకు సర్దుకుని, రేపు మధ్యాహ్నం మౌ గారింట్లో సందంతా కలిసి విందు, వంట అందరూ తెచ్చుకోండి, చెప్పులు వరసలో విడవండి అని ప్రకటించింది. నేను కాదనలేదు. తాన్ నా గుమ్మంలో నిలబడి జాడీ చప్పుడు వినాలి. అంతే.

మర్నాడు మా ఇల్లు జాతర. యెన్ పెళ్లాం మిరపకాయల్లో వేయించి చల్లార్చిన కుందేలు మాంసం తెచ్చింది, బేసిన్ నిండా. నూనె కారుతోంది. ఇంకెవరో సోయా పాలతో చేసిన మెత్తటి ముద్ద, మిరప్పచ్చడి తెచ్చారు. నా మంచం మీద పదిమంది కూర్చున్నారు. ఛొంగ్‌హ్వా ఫోటో ముందు ఎవరో సారా గ్లాసు పెట్టారు, ఆమెకోసం కాదు, చోటు లేక.

యెస్పర్ కుందేలు తిన్నాడు. కారానికి ఏడ్చాడు. అందరూ మురిసిపోయారు. పరాయివాడు మన తిండి తిని ఏడిస్తే మనకి పతకం ఇచ్చినట్టు.

"ఇంకో ముక్క తినిపించండి, ముక్కు చూడండి ఎలా ఎర్రబడిందో!"

"పెద్దముక్కు కదా, కారం ఎక్కువ పడుతుంది."

"ఏయ్, వినబడుద్ది!"

"వినబడినా తెలీదులే. బాగున్నారా ఒక్కటే వచ్చు వాడికి."

అప్పుడు వాడు లేచాడు. ఒక చేతిలో కెమెరా, ఒక చేతిలో కుందేలు తిన్న పుల్లలు. వంటింట్లోకి నడిచాడు. జాడీ ముందు వంగాడు. మూతని అలాగే పైకెత్తాడు. మేమైతే పక్కకి వంచి, కాలవ నీళ్లు వార్చి, అప్పుడు తీస్తాం. వాడు ఎత్తాడు. మూత అంచు నుంచి నీళ్లు జాడీలోకి కారాయి. తర్వాత పుల్లలు ముంచాడు.

ఎర్రనూనె ఊట మీద పరుచుకోవడం నేను చూశాను. చిన్న చిన్న గుండ్రాలుగా విడిపోయి మెరిశాయి.

అందరూ చూశారు. గుమ్మంలో యెన్, వాడి పెళ్లాం, లెంగ్, ఇంకా అరడజను మంది. వాళ్లలో ఇంట్లో జాడీ లేనివాళ్లు లేరు. సొంత మనవడు ఆ పని చేస్తే చెంప పగలగొట్టేవాళ్లే. యెన్ పెళ్లాం నోరు తెరిచింది. యెన్ ఆమె మోచేతి మీద గిల్లాడు. ఆమె నోరు మూసుకుంది.

వాడు ముల్లంగి ముక్క తీసి, కెమెరా ముందు కొరికి, బొటనవేలు ఎత్తాడు.

చప్పట్లు కొట్టారు.

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం!" అంది లెంగ్. "నా ఫోన్ ఆన్ కాలేదు. మళ్లీ ఒకసారి ముంచమనండి."

వాడు మళ్లీ ముంచాడు. ఈసారి అడుగుదాకా.

మళ్లీ చప్పట్లు.

నేనేం చేశానని అడుగుతారేమో. నేనూ నిలబడ్డాను. పదిమంది ముందు అతిథి చెయ్యి పట్టుకుంటే పరువు ఎవరిది పోతుందని మా వాళ్లకి పుట్టుకతోనే లెక్క వచ్చు. నాకూ వచ్చు. గుమ్మం అవతల తాన్ నిలబడి ఉంది. ఆమె చప్పట్లు కొట్టిందో లేదో నేను చూడలేదు.

వాడు సాయంత్రం బస్సెక్కి ఇంకో ఎవరికీ తెలియని ఊరికి పోయాడు. పోతూ నన్ను కావిలించుకున్నాడు. ఉల్లిపాయ వాసన.

వారం తిరక్కుండా ఊట మీద తెల్ల తెట్టు కట్టింది. మేం దాన్ని పువ్వు పూసిందంటాం. తోడేశాను. మళ్లీ కట్టింది. ఘాటుసారా పోశాను. అల్లం వేశాను. లేత వెదురు మొలక వేశాను. బావి ఉప్పు గుప్పెడు ఎక్కువ వేశాను. ఊట జిగురు సాగింది. మూత తీస్తే సందు చివర మురికి కాలవ గుర్తొచ్చింది. ఒక పొద్దున్న కాలవలో నీళ్లు మారుస్తూ చెవి పెట్టి విన్నాను. బుడగ లేదు.

టీ దుకాణానికి పోయేసరికి అందరికీ తెలిసిపోయింది.

"పోయిందటగా మౌ అన్నా?"

"పోకేం చేస్తుంది. ఆయన చెయ్యి అలాంటిది. వదిన బతికుండగానే చెప్పేది."

"మూడేళ్లు ఆగిందంటే వదిన పుణ్యం."

"తాన్ అప్పుడే అడిగింది, ఇచ్చేసి ఉంటే బతికేది."

నేను యెన్ వైపు చూశాను. "నా చెయ్యా?"

"మరి ఇంకెవరిది?" అన్నాడు యెన్, ముక్కలు పంచుతూ. మొహం ఎత్తలేదు.

అప్పుడర్థమైంది. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. నమ్ముతున్నారు. ఆ తెల్లోడి చెయ్యి అంటే తాము కొట్టిన చప్పట్లు కూడా లెక్కలోకి వస్తాయి. నా చెయ్యి అంటే ఎవరికీ ఏ బాధా లేదు. చచ్చినామె కూడా సాక్ష్యం చెబుతుంది.

యెస్పర్ వీడియో అప్పటికి వచ్చింది. యెన్ కోడలు దాని కింద రాసింది చదివి మా భాషలో చెప్పింది: ఈ నగరంలో కాలం ఆగిపోయింది, ఈ ముసలి మనిషి జాడీలో ఒక జాతి ఆత్మ ఉంది, అని. ఆ ఆత్మ అప్పటికి కంపు కొడుతోంది.

కోడలి ఫోన్ తీసుకుని టీ దుకాణంలో బల్ల మీద పెట్టాను. పుల్లలు ముంచే చోట ఆపాను. ఎర్ర గుండ్రాలు. స్పష్టంగా, పెద్దగా.

"చూడండి. ఏమిటిది?"

అందరూ వంగి చూశారు.

"వెలుతురు," అన్నాడు ఒకడు.

"మిరపకాయ రంగు దిగి ఉంటుంది," అన్నాడు ఇంకొకడు.

"నా కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి," అన్నాడు యెన్. అవి వాడి నుదుటి మీదే ఉన్నాయి.

లెంగ్ మైకు ఆపేసి, మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడింది. "మౌ అన్నా, లక్షలమంది చూస్తున్నారు ఆ వీడియో. జిల్లా ఆఫీసు నుంచి ఫోన్ చేసి మెచ్చుకున్నారు. విదేశీ మిత్రుడి మీద ఇలాంటి మాటలు ఇప్పుడెందుకు? జాడీయే కదా. కమిటీ తరఫున కొత్త జాడీ కొనిస్తాం. గాజుది. లోపల కనబడుతుంది."

"నూనే అది."

మూల బల్ల దగ్గర్నుంచి. తాన్. గింజల తొక్కలు గుడ్డలో మూట కడుతూ అంది. "నూనే. నేను చూశాను. మీరందరూ చూశారు. మౌ అన్న చేతిది కాదు తప్పు."

ఎవరో టీ నీళ్లు అడిగారు. యెన్ ముక్కలు మళ్లీ పంచాడు. మా సందులో నిజాన్ని ఎవరూ కాదనరు, దాని మీద టీ పోసి తాగేస్తారు.

ఆ సాయంత్రం తాన్ నా గుమ్మం ముందుకొచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె.

"ఇది ఛొంగ్‌హ్వా ఇచ్చిందే. నీ జాడీ ఉడుకునీళ్లతో కడిగి, ఎండబెట్టి, సారా తిప్పి, ఇది అందులో పొయ్. కొత్త ఉప్పునీళ్లు కాచి చల్లార్చి కలుపు. పదిరోజులు ముట్టుకోకు."

"ఆ రోజు చూశావు. ఎందుకు అనలేదు?" అన్నాను. మూడేళ్ల తర్వాత ఆమెతో నా మొదటి మాట.

"నువ్వెందుకు అనలేదు?"

నేను గిన్నె వైపు చూశాను.

"నా మాటకి మూడేళ్లు మొహం తిప్పుకున్నావు," అంది. "నీ అతిథిని నేను ఆపితే ఇంకెన్నేళ్లు తిప్పేవాడివి? పట్టు. చెయ్యి నొప్పెడుతోంది."

గిన్నె తీసుకున్నాను. లోపలికి రమ్మనలేదు. ఆమె మెట్లెక్కుతూ ఆగి, "నీ చెయ్యి మంచిదేలే," అంది. అది నాకు ఛొంగ్‌హ్వా చెప్పాల్సిన మాట. తాన్ చెబితే నాకేం పని.

ఆమె చెప్పినట్టే చేశాను. పదిరోజులు ఆగి ఒక ముక్క తీసి కొరికాను. తీపి. తాన్ కలకండ పలుకులు ఎక్కువ వేస్తుంది, ఎప్పుడూ అంతే, ఛొంగ్‌హ్వా దెప్పేది కూడా. గిన్నె ఊట ఇంట్లోంచి బయటికి పోయి ఇన్నేళ్లు ఇంకొకరి చేతి కింద బతికితే వాళ్లదే అవుతుంది. నా భార్యది కాదది. కానీ బుడగ వస్తోంది. జాడీని మంచం కిందికి జరిపాను.

చలికాలం మొదట్లో లెంగ్ మళ్లీ వచ్చింది. ఈసారి నలుగురు. ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు, నాలుగు కెమెరాలు. ఎవరికీ తెలియని మా ఊరి గురించి ఇప్పుడు అందరికీ తెలిసింది. వాళ్లకి ఆత్మ ఉన్న జాడీ కావాలట.

"ఉందిగా అన్నా?" అంది లెంగ్, కన్ను గీటుతూ.

ఉంది. కమిటీ వాళ్లు కొనిచ్చిన గాజు జాడీ. అందులో సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ సంచుల్లో అమ్మే ముల్లంగి కోసి పోశాను, దాని రంగునీళ్లతో సహా. పొయ్యి పక్కన పెట్టాను. గుమ్మంలో సందంతా చేరింది. ఆ సంచులు యెన్ పెళ్లామే నాకు కొని తెచ్చింది, కాబట్టి సంగతి తెలియనివాడు లేడు.

ఒకతె పుల్లలు ముంచింది. కొరికింది. కళ్లు మూసుకుంది.

"ఇలాంటిది నేను పుట్టాక తినలేదు," అంది.

చప్పట్లు కొట్టారు. యెన్ అందరికన్నా గట్టిగా కొట్టాడు. లెంగ్ మళ్లీ ముంచమంది.

తాన్ గుమ్మం అవతల నిలబడి ఉంది. ఈసారి చూశాను. ఆమె చేతులు జేబుల్లో ఉన్నాయి. గాజు జాడీ వైపు కాదు, మంచం కిందికి చూస్తోంది. అక్కడ గుడగుడమని ఒక బుడగ వచ్చింది. ఆమెకి వినబడింది. నా వైపు చూసి నవ్వబోయింది.

నేను మొహం తిప్పుకుని, తినేవాళ్లకి ఇంకో ముక్క వడ్డించాను.